మూడేళ్లు ఎదురుచూసిన చెల్లో

ఒక మనిషి తన స్నేహితుడి కోసం సంగీతం రాశాడు. ఆ స్నేహితుడికి దేశం దాటి రావడానికి అనుమతి దొరకలేదు. రాసిన కాగితాలు మూడేళ్లకు పైగా అలా ఎదురుచూశాయి. చివరికి స్నేహితుడు వచ్చి వాయించే నాటికి, రాసినాయన కుడిచెయ్యి సరిగ్గా పనిచేయడం లేదు.

ఈ కథ జరిగిన ఊరు ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉంది. పేరు ఆల్‌బరా. ఇంగ్లిష్‌లో రాసింది చూసి మనం ‘ఆల్డెబర్గ్’ అని చదివేస్తాం గానీ, అక్కడ అలా అడిగితే బస్సు డ్రైవర్ రెండుసార్లు ఆలోచిస్తాడు. ఆ సంగీతం పేరు ‘చెల్లో సూట్ నంబర్ 3’. రాసింది బెంజమిన్ బ్రిటెన్. ఎవరి కోసం అంటే, రష్యన్ చెల్లో విద్వాంసుడు మిస్తిస్లావ్ రోస్త్రోపోవిచ్ కోసం.

లండన్‌లో ఉండే మనవాళ్లు వీకెండ్ దొరికితే బ్రైటన్ బీచ్‌కో, స్టోన్‌హెంజ్‌కో పరిగెడతారు. సఫోక్ కౌంటీ వైపు టికెట్ తీసుకునేవాళ్లు నాకైతే పెద్దగా కనబడలేదు. నేను మాత్రం ఫోన్‌లో ఆ మూడో సూట్ డౌన్‌లోడ్ చేసుకుని, లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కాను.

ఇసక లేని బీచ్

ఆల్‌బరా రెండు మూడు వేల జనాభా ఉన్న చిన్న ఊరు. సముద్రం ఒడ్డున ఒక పొడవాటి వీధి, దాని వెనక ఇంకో వీధి. ఊరంటే దాదాపు అంతే. మన విశాఖ బీచ్‌నో, సూర్యలంకనో మనసులో పెట్టుకుని వెళ్తే ముందు ఆశ్చర్యమేస్తుంది. ఎందుకంటే ఒడ్డంతా గులకరాళ్లే. అడుగు వేస్తే కరకరమంటాయి. అల వెనక్కి వెళ్లేటప్పుడు ఆ రాళ్లన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి ఒక పెద్ద గలగల చప్పుడు వస్తుంది. రాత్రి కిటికీ మూసుకున్నా వినిపిస్తుంది.

చేపల పడవలు నీళ్లలో ఉండవు. ఆ రాళ్లమీదికే లాగి పెడతారు. పక్కనే నల్లరంగు చెక్క గుడిసెలు, వాటిలో ఆ రోజు పట్టిన చేపలు అమ్ముతారు. ఫిష్ అండ్ చిప్స్ పొట్లం పట్టుకుని గట్టు మీద కూర్చుంటే సముద్రపు కాకులు చుట్టూ కాపలా కాస్తాయి. ఒక్క క్షణం అటు తిరిగితే చిప్ మాయం.

ఒడ్డు మీద మూట్ హాల్ అని 16వ శతాబ్దం నాటి చెక్క భవనం ఉంది. ఒకప్పుడు అది ఊరి మధ్యలో ఉండేదట. ఇప్పుడు సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంది. భవనం కదల్లేదు, మధ్యలో ఉన్న వీధుల్ని సముద్రం తినేసింది. కాకినాడ దగ్గర ఉప్పాడను చూసినవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

బ్రిటెన్ 1913లో ఇదే సఫోక్ తీరంలో, లోస్టాఫ్ట్ అనే ఊళ్లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యే ముందు అమెరికా వెళ్లిపోయాడు. 1941లో కాలిఫోర్నియాలో ఉండగా, ఆల్‌బరాకి చెందిన పాతకాలపు కవి జార్జ్ క్రాబ్ మీద ఒక వ్యాసం చదివాడు. తన ఊరి సముద్రం గుర్తొచ్చింది. మరుసటి ఏడాది, యుద్ధం నడుస్తుండగానే, ఓడెక్కి తిరిగొచ్చేశాడు. క్రాబ్ కవితలోని చేపలు పట్టే మనిషి కథతో ‘పీటర్ గ్రైమ్స్’ అనే ఆపెరా రాశాడు. 1945లో అది ప్రదర్శించగానే పేరు మోగిపోయింది. తర్వాత ఆల్‌బరాలోనే స్థిరపడ్డాడు. తన జీవిత భాగస్వామి, గాయకుడు పీటర్ పియర్స్‌తో కలిసి 1948లో ఇక్కడ సంగీతోత్సవం మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ ప్రతి జూన్‌లో జరుగుతోంది.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఇంగ్లండ్‌లో ఇద్దరు మగవాళ్ల మధ్య లైంగిక సంబంధం 1967 దాకా చట్టప్రకారం నేరం. ప్రభుత్వం మనిషి జీవితంలోకి ఎంత దూరం చొరబడగలదో బ్రిటెన్‌కి రష్యా స్నేహితుడి ద్వారానే తెలియనక్కర్లేదు.

ఇద్దరికీ రాని భాషలో స్నేహం

1960 సెప్టెంబర్‌లో లండన్‌లో ఒక కచేరీ. రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన చెల్లో కాన్చెర్టోని రోస్త్రోపోవిచ్ వాయిస్తున్నాడు. శ్రోతల్లో షోస్తకోవిచ్, ఆయన పక్కనే బ్రిటెన్. అక్కడే పరిచయం కుదిరింది. అప్పటికి బ్రిటెన్‌కి 46 ఏళ్లు, రోస్త్రోపోవిచ్‌కి 33. బ్రిటెన్ కాస్త బిడియస్తుడు. రోస్త్రోపోవిచ్ కనబడితే చాలు కౌగిలించుకుని ముద్దులు పెట్టేసే రకం. ఇతనికి రష్యన్ రాదు, అతనికి ఇంగ్లిష్ రాదు. ఇద్దరికీ వచ్చిన ముక్కలు ముక్కల జర్మన్‌లోనే మాట్లాడుకునేవాళ్లు. ఆ భాషకి వాళ్లే ‘ఆల్‌బరా జర్మన్’ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పరిచయం తర్వాత బ్రిటెన్ చెల్లో కోసం వరసగా రాశాడు. 1961లో చెల్లో, పియానో కలిసి వాయించే సొనాటా. తర్వాత ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే చెల్లో సింఫొనీ. దాని తొలి ప్రదర్శన 1964లో మాస్కోలోనే జరిగింది. ఆ తర్వాత ఒంటరి చెల్లో కోసం సూట్‌లు.

సూట్ అంటే ఏంటనుకుంటున్నారా? హోటల్‌లో ‘సూట్ రూమ్’ అంటామే, అదే మాట. ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉండే గదుల్లాగా, వరసగా వచ్చే చిన్న చిన్న భాగాలు. ఒంటరి చెల్లోకి ఇలాంటి సూట్‌లు ఆరు రాసింది 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్. వాటిని చాలాకాలం సాధనకి పనికొచ్చే పాఠాల్లాగే చూశారు. 1890లో పాబ్లో కాసల్స్ అనే 13 ఏళ్ల స్పెయిన్ కుర్రాడికి బార్సిలోనాలోని ఒక షాపులో వాటి ప్రతి దొరికింది. ఆ కుర్రాడు పెద్దవాడై వాటిని వేదిక ఎక్కించాక గానీ, ఒక్క చెల్లో కచేరీ నిలబెట్టగలదని లోకానికి తెలియలేదు. మన దగ్గర పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వేదిక మధ్యలో కూర్చోబెట్టి సోలో కచేరీలు చేశారు కదా, ఇంచుమించు అలాంటి కథే.

రోస్త్రోపోవిచ్‌కి బ్రిటెన్ దగ్గర్నుంచి కూడా బాఖ్ లాగా ఆరు కావాలి. అడిగిన పద్ధతి చూడండి. ఇద్దరూ కారులో వెళ్తున్నారు. దారిలో రాజకుటుంబానికి చెందిన ప్రిన్సెస్ మేరీని కలవాలి. ఆమె ముందు తాను గిర్రున తిరిగి, బ్యాలేలో లాగా వంగి దండం పెడతానని రోస్త్రోపోవిచ్ పంతం పట్టాడు. పరువు పోతుందని బ్రిటెన్ బతిమాలాడు. చివరికి ఒక రెస్టారెంట్ మెనూ కార్డు మీద ఒప్పందం రాసుకున్నారు. బ్రిటెన్ చెల్లో కోసం ఆరు పెద్ద రచనలు చెయ్యాలి. బదులుగా రోస్త్రోపోవిచ్ ఆ విన్యాసం మానెయ్యాలి!

మొదటి సూట్ 1964లో, రెండోది 1967లో రాశాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నవ్వులాట అయిపోయింది.

ఒక ఉత్తరం ఖరీదు

ఆల్‌బరా ఒడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే సైజ్‌వెల్ అణు విద్యుత్ కేంద్రం తెల్లటి గుమ్మటం కనిపిస్తుంది. దక్షిణం వైపు ఆర్‌ఫర్డ్ నెస్ అనే రాళ్ల దిబ్బ. ఒకప్పుడు బ్రిటన్ అణుబాంబుల విడిభాగాల్ని రహస్యంగా పరీక్షించిన చోటు అది. ఆ వింత కాంక్రీట్ కట్టడాలు ఇంకా ఉన్నాయి. కోల్డ్‌వార్ అనేది పుస్తకాల్లో చదివే మాట కాదని అక్కడ తెలుస్తుంది. బ్రిటెన్ రష్యన్ స్నేహితుడి కోసం రాస్తున్నప్పుడు, పక్క ఊళ్లో రష్యాతో యుద్ధానికి సన్నాహాలు జరుగుతుండేవి.

రష్యాలో రోస్త్రోపోవిచ్ రాజ సన్మానాలు అందుకున్న కళాకారుడు. కానీ రచయిత సోల్జెనిత్సిన్ ప్రభుత్వానికి కంటగింపు అయినప్పుడు, తన ఊరి బయట ఇంట్లో అతనికి చోటిచ్చాడు. 1970లో సోల్జెనిత్సిన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. సోవియట్ పత్రికలు అతన్ని తిట్టిపోశాయి. అప్పుడు రోస్త్రోపోవిచ్ అతన్ని సమర్థిస్తూ పత్రికల సంపాదకులకి బహిరంగ లేఖ రాశాడు. అక్కడ ఒక్క పత్రికా వెయ్యలేదు. విదేశీ పత్రికలు వేశాయి. అంతే, విదేశీ కచేరీలు ఆగిపోయాయి. మాస్కోలో పెద్ద వేదికలు ఒక్కొక్కటిగా దూరమయ్యాయి. చిన్న చిన్న ఊళ్లలో వాయించుకోవలసిన పరిస్థితి వచ్చింది.

బ్రిటెన్ మూడో సూట్ రాసింది సరిగ్గా ఆ రోజుల్లో, 1971 తొలి నెలల్లో. ఏప్రిల్‌లో బ్రిటిష్ సంగీతోత్సవం కోసం సోవియట్ యూనియన్ వెళ్లినప్పుడు ఆ కాగితాలు పట్టుకెళ్లాడు. మాస్కోలో రోస్త్రోపోవిచ్, షోస్తకోవిచ్ వింటుండగా మొత్తం పియానో మీద వాయించి చూపించాడు. ఇక ఆల్‌బరాలో తొలి కచేరీ జరగాలి. వాయించాల్సిన మనిషికి మాత్రం వచ్చే దారి లేదు.

ముందు సంగతులు, చివర పల్లవి

స్నేప్ అనే పల్లెలో ఆల్డ్ నది ఒడ్డున రెల్లు పొదలు మైళ్ల కొద్దీ ఉంటాయి. గాలి వీస్తే అవన్నీ ఒకేసారి ఒక పక్కకి వాలి, మళ్లీ లేస్తాయి. అక్కడ చెక్క బెంచీ మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. సూట్ మొత్తం 20 నిమిషాలకి కొంచెం పైన.

మొదలవడమే అడుగు తీగని వేలితో మీటడంతో మొదలవుతుంది. టుంగ్... మళ్లీ టుంగ్. చర్చిలో మోగే చావుగంట అనుకోండి. దాని మీద కమానుతో ప్రార్థన లాంటి చిన్న ముక్క వినిపిస్తుంది. దీనితో కలిపి తొమ్మిది భాగాలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి. ఒకటి సైనికుల కవాతు. ఒకటి పడవ పాట, అందులో బాఖ్ మొదటి సూట్ నీడ కనబడుతుంది. ఒకదాంట్లో కమాను ఒక మాట అంటే, వేళ్లు మీటుతూ దానికి జవాబిస్తాయి. ఒకే వాద్యం తనతో తాను గొడవ పడుతున్నట్టుంటుంది. ఒకటి ఊపిరి ఆడనివ్వని పరుగు. చివరిది పాసకాలియా. కింద ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, పైన బరువు పెరుగుతూ పోతుంది.

వింటున్నంతసేపూ ఎక్కడో తెలిసిన రాగం ఉందనిపిస్తుంది, చేతికి మాత్రం చిక్కదు. దీనికి కారణం ఉంది. మన కచేరీల్లో పల్లవి ముందు పాడి, తర్వాత దాన్ని ఒక్కో సంగతితో పెంచుతారు. బ్రిటెన్ దీన్ని తలకిందులు చేశాడు. సంగతులన్నీ ముందు వేసేసి, అసలు పాటల్ని చివర్న, ఏ అలంకారం లేకుండా వినిపించాడు. ఆ పాటలు నాలుగు. మూడు రష్యన్ జానపదాలు, చైకోవ్‌స్కీ సేకరణలోంచి తీసుకున్నవి. నాలుగోది ‘కొంతాకియోన్’. రష్యన్ ఆర్థోడాక్స్ చర్చిలో చనిపోయినవాళ్ల ఆత్మశాంతికి పాడే కీర్తన.

అంటే ఈ ఇంగ్లిష్ స్వరకర్త తన స్నేహితుడికి అతని సొంత నేల పాటల్నే మూటగట్టి ఇచ్చాడన్నమాట. నిన్ను దేశద్రోహి అంటున్నారు గానీ, ఈ దేశం నీదే అని మాటల్లేకుండా చెప్పినట్టు. ఈ సూట్ గురించి రాసిన పరిచయంలో కూడా ఆయన్ని గొప్ప రష్యన్ సంగీతకారుడిగా, దేశభక్తుడిగా గౌరవిస్తూ ఈ పాటలు వాడానని బ్రిటెన్ రాశాడు. ఆ ‘దేశభక్తుడు’ అన్న మాట వెయ్యడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. మాస్కోలో విన్నప్పుడు షోస్తకోవిచ్, ఆ కీర్తన తాను చిన్నప్పుడు విన్న వరస ఇది కాదని చెప్పాడు. బ్రిటెన్ ఒక బిషప్‌ని అడిగాడు. రెండు వరసలూ వాడుకలో ఉన్నాయని తేలింది. దాంతో అచ్చు ప్రతిలో రెండోదాన్ని కూడా ఇచ్చి, వాయించేవాళ్లకి ఎంచుకునే వీలు వదిలాడు. మన త్యాగరాజ కీర్తనలకి ఒక్కో శిష్య పరంపరలో ఒక్కో పాఠాంతరం ఉంటుంది కదా, అలాగే.

చివరి కీర్తన వచ్చేసరికి చెల్లో గొంతు బాగా తగ్గిపోతుంది. మగవాళ్ల గొంతుకి చాలా దగ్గరగా ఉండే నాదం అది. అడుగు తీగ మీద నెమ్మదిగా ఆగిపోతుంది. నేను ఇయర్‌ఫోన్స్ తీశాక రెల్లు చప్పుడు మొదలైంది. కాసేపు అదే విన్నాను.

బార్లీ గోదాంలో కచేరీ హాలు

ఆ బెంచీ వెనకే ఉంది స్నేప్ మాల్టింగ్స్. 19వ శతాబ్దంలో న్యూసన్ గారెట్ అనే వ్యాపారి కట్టించిన ఎర్ర ఇటుకల గోదాములు. బీరు తయారీకి బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడికి ఆరబెట్టేవాళ్లు. ఈ గారెట్ కూతుళ్లూ సామాన్యులు కారు. ఒకామె ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్, బ్రిటన్‌లో డాక్టర్‌గా అర్హత సాధించిన తొలి మహిళ, తర్వాత ఆల్‌బరాకి మేయర్. ఇంకొకామె మిలిసెంట్ ఫాసెట్, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన నాయకురాలు.

1965లో బార్లీ పని ఆగిపోయింది. బ్రిటెన్ బృందం అందులో పెద్ద గోదాముని కచేరీ హాలుగా మార్చింది. 800 మందికి పైగా పడతారు. 1967 జూన్ 2న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. రెండేళ్లకే, 1969 ఉత్సవం మొదటి రాత్రి, హాలు కాలిపోయింది. తెల్లారేసరికి గోడలే మిగిలాయి. ఉత్సవాన్ని ఆపకుండా చుట్టుపక్కల చర్చిల్లోకి మార్చారు. ఏడాది తిరక్కుండా హాలు మళ్లీ కట్టారు. 1970లో రాణి మళ్లీ వచ్చింది.

లోపల బంగారు పూతలు, ఎర్ర పరదాలు ఏమీ ఉండవు. ఇటుక గోడలు, చెక్క పైకప్పు, పేము అల్లిన కుర్చీలు. చప్పట్లు ఆగాక ఆ నిశ్శబ్దంలో వేదిక మీది చిన్న శబ్దం కూడా చివరి వరస దాకా వస్తుంది. ఒక్క చెల్లోకి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

1974 మే నెలలో రోస్త్రోపోవిచ్ సోవియట్ యూనియన్ వదిలి బయటపడ్డాడు. డిసెంబర్ 21న ఈ హాల్లోనే మూడో సూట్‌ని తొలిసారి వాయించాడు. రాసి అప్పటికి మూడున్నరేళ్లు దాటింది.

ఈ మధ్యలో బ్రిటెన్ గుండె దెబ్బతింది. ‘డెత్ ఇన్ వెనిస్’ ఆపెరా పూర్తయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేశాడు. 1973 మేలో ఆపరేషన్ జరిగినప్పుడు చిన్న పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. మాస్కోలో ఇదే సూట్‌ని పియానో మీద వినిపించిన మనిషి, ఇక కచేరీలో పియానో ముందు కూర్చోలేకపోయాడు. మెనూ కార్డు మీద ఒప్పుకున్న సూట్‌లలో మిగతా మూడూ రానేలేదు. 1976 డిసెంబర్ 4న ఆల్‌బరాలోని సొంత ఇంట్లో బ్రిటెన్ చనిపోయాడు.

మొదటి రెండు సూట్‌లనీ రోస్త్రోపోవిచ్ రికార్డు చేశాడు. మూడోదాన్ని మాత్రం ఎప్పటికీ రికార్డు చెయ్యలేదు. తన కోసం రాసిన పాటే, ఎదురుచూసి వాయించిన పాటే. అయినా స్టూడియోలో కూర్చుని దాన్ని వాయించలేకపోయాడు. 1978లో సోవియట్ ప్రభుత్వం ఆయన పౌరసత్వం రద్దు చేసింది. 1989లో బెర్లిన్ గోడ కూలుతున్నప్పుడు, దాని పక్కన కుర్చీ వేసుకుని బాఖ్ వాయిస్తున్న పెద్దాయన ఫొటో మీరు చూసే ఉంటారు. ఆయనే ఈయన.

రెండు రాళ్లు, ఒక గవ్వ

ఊరి చర్చి వెనక సమాధుల తోటలో రెండు నల్లటి రాళ్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి బ్రిటెన్‌ది, రెండోది పదేళ్ల తర్వాత చనిపోయిన పియర్స్‌ది. పేరు, సంవత్సరాలు తప్ప ఏమీ రాయలేదు. బ్రిటెన్‌ని పూడ్చేటప్పుడు గోతి చుట్టూ స్నేప్ రెల్లు పరిచారట. చర్చి లోపల ఆయన జ్ఞాపకంగా జాన్ పైపర్ గీసిన రంగుటద్దాల కిటికీ ఉంది. ఎండ ఉన్నప్పుడు చూడాలి.

ఒడ్డు వెంట ఉత్తరంగా నడిస్తే మ్యాగీ హాంబ్లింగ్ 2003లో చేసిన నాలుగు మీటర్ల స్టీలు గవ్వ కనబడుతుంది. అదీ బ్రిటెన్ జ్ఞాపకమే. అంచు మీద ‘పీటర్ గ్రైమ్స్’లోని ఒక వాక్యం అక్షరాలుగా తొలిచి ఉంటుంది. ఊళ్లో కొందరికి ఇది అస్సలు పడదు. ఎన్నోసార్లు రంగులు పోసి పాడుచేశారు. పిల్లలు మాత్రం పైకెక్కి జారుతున్నారు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడని, “మీకు నచ్చిందా అండీ?” అని అడిగితే, “నాకు నచ్చదు. కానీ నా మనవడు ఇది లేకపోతే బీచ్‌కి రాడు” అంది.

వెళ్లాలంటే, వినాలంటే

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి ఇప్స్‌విచ్, అక్కడ రైలు మారి సాక్స్‌మండమ్, అక్కడి నుంచి ఆల్‌బరాకి బస్సు. మొత్తం మీద పూట ప్రయాణం. సాయంత్రం బస్సుల టైమ్ ముందే చూసుకోండి. స్నేప్ నుంచి ఆల్‌బరాకి ‘సెయిలర్స్ పాత్’ అని దాదాపు పది కిలోమీటర్ల కాలిబాట ఉంది. రెల్లు, అడవి, బురద, చివర సముద్రం. గాలి ఎముకలు కొరికేస్తుంది, ఎండాకాలమైనా జాకెట్ ఉండాలి. బ్రిటెన్, పియర్స్ ఉన్న ‘రెడ్ హౌస్’ ఇప్పుడు మ్యూజియం. తెరిచి ఉండే రోజులు చూసుకుని వెళ్లండి.

అంతదూరం వెళ్లలేకపోయినా పర్లేదు. ఫోన్‌లో ‘బ్రిటెన్ చెల్లో సూట్ 3’ అని వెతకండి, చాలామంది వాయించినవి దొరుకుతాయి. ఒకటే షరతు. మధ్యలో స్కిప్ కొట్టకండి. మొదటి పదినిమిషాలు ఇదేం సంగీతం అనిపించవచ్చు. ఆ పాటలు చివర్నే ఉన్నాయి. వాటికోసం రోస్త్రోపోవిచ్ మూడేళ్లు ఆగాడు, మనం ఇరవై నిమిషాలు ఆగలేమా?